ఇంజన్లతో కొట్లాడిన భూలక్ష్మి

కొండాపూర్ వెనకాల ఉన్న ఆ గల్లీలో భూలక్ష్మి చేతి దెబ్బ రుచి తెలియని మగవాళ్లు తక్కువ. నీళ్ల ట్యాంకరు దగ్గర వరస తప్పించి బిందె పెట్టినవాడు తిన్నాడు. హాస్టల్ ఆడపిల్లలను చూసి ఈల వేసిన కుర్రాడు తిన్నాడు. పెళ్లయిన కొత్తలో తాగి వచ్చి చెయ్యెత్తిన కట్టుకున్న మొగుడు రాజయ్య కూడా తిన్నాడు. ఆ తర్వాత ఆయన తాగడం మానలేదు గానీ చెయ్యెత్తడం మానేశాడు. వయసంతా సమ్మెట పట్టిన చేయి అది. ఊరికే గాలిలోకి లేస్తే చాలు, ఎదుటివాడు అడుగు వెనక్కి వేసేవాడు. అలాంటి చేయి చివరికి కార్ల మీద పడింది. ఎందుకు పడిందో తెలియకుండానే ఆమెను పిచ్చిదన్నవాళ్లు చాలామంది ఉన్నారు. తెలిసిన తర్వాత కూడా అలా అనేవాళ్లుంటే వాళ్ల ఖర్మ.

భార్యాభర్తలిద్దరూ రాళ్లు కొట్టి బతికినవాళ్లే. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోటల్లా అప్పుడు గుండ్లు ఉండేవి. రాజయ్య గుండుకు తూటు వేసి, మందు దట్టించి పేల్చేవాడు. పగిలిన రాయిని భూలక్ష్మి కంకర కొట్టేది. ఆ కంకర మీదే రోడ్లు పడ్డాయి, ఆ రోడ్ల మీదికే కార్లు వచ్చాయి. గుండ్లు అయిపోయాక పనీ అయిపోయింది. భూలక్ష్మి పక్కనున్న లేడీస్ హాస్టల్లో అంట్లు తోమే పనికి కుదిరింది. రాజయ్యకు మాత్రం దగ్గు మిగిలింది. ఛాతీ దవాఖానలో ఎక్స్‌రే తీసి చూసిన డాక్టరు, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పేరుకుపోయిందనీ, అది ఇక బయటికి రాదనీ చెప్పాడు. పొగకు దూరంగా ఉంచితే ఇంకా కొన్నేళ్లు బతుకుతాడు, లేకపోతే లేదు. అంత నిక్కచ్చిగా చెప్పాడు.

భూలక్ష్మికి అది కష్టమైన పనిగా తోచలేదు. ఆ సాయంత్రమే మొగుడి నోట్లోంచి బీడీ లాగి మోరీలో పారేసింది. కట్టెల పొయ్యి ఎత్తేసి గ్యాసు పెట్టింది. దేవుడి పటం ముందు అగరుబత్తి కూడా మానేసింది.

"దేవునికన్న ఊదుబత్తి ఉంచరాదే. ఆయన కోపానికొస్తె ఎట్ల?" అన్నాడు రాజయ్య.

"ఆయన సంగతి నేను చూసుకుంట. నువ్వు ఊపిరి పీల్చు" అంది.

దేవుడితో బేరం కుదిరింది. కార్లతోనే కుదరలేదు.

ఆ గల్లీలోకి కార్లను తెచ్చింది ఫోను. కొత్తగూడ చౌరస్తా నుంచి కోకాపేట వైపు వెళ్లే పెద్ద రోడ్డు ఆఫీసులు వదిలే వేళకు గడ్డకట్టిపోతుంది. దానికి ఈ గల్లీ గుండా అడ్డదారి ఉందని ఫోనులోని మ్యాపు కనిపెట్టింది. కనిపెట్టి ఒకరి చెవిలో చెప్పి ఊరుకుందా? అందరికీ చెప్పింది. రెండు బర్రెలు ఎదురుపడితే ఒకటి వెనక్కి నడవాల్సిన గల్లీ అది. అందులోకి రోజూ సాయంత్రం ఒక మనిషికి ఒక కారు చొప్పున దూరేవారు. దూరాక ఇరుక్కునేవారు. కారు పొడవంత కదిలి, మళ్లీ ఆగి, ఏసీలు వేసుకుని, ఇంజన్లు నడుపుతూ, ఫోన్లు చూసుకుంటూ కూర్చునేవారు. నిలబడ్డ బండికి ఇంజన్ ఎందుకని ఒక్కరికీ తోచేది కాదు.

భూలక్ష్మి ఉండే గది రేకుల గది. ఒక తలుపు, ఒక కిటికీ, రెండూ గల్లీలోకే. వాళ్లు అద్దెకు దిగినప్పుడు గడప రోడ్డు కంటే ఎత్తులో ఉండేది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పాత సిమెంటు మీదే కొత్త సిమెంటు పోసి రోడ్డును లేపుకుంటూ పోయారు. రోడ్డు లేచింది, గది దిగింది. కిటికీ సరిగ్గా కార్ల సైలెన్సర్ల ఎత్తుకు వచ్చింది. కిటికీ ముందు ఆగిన ప్రతి బండీ తన పొగను తిన్నగా గదిలోకే వదిలేది. కిటికీ మూస్తే రేకుల కింద ఉడుకు, లోపల గాలాడదు. తెరిస్తే పొగ. రాజయ్య పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి ఆ కిటికీ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో ఊచలు పట్టుకుని నిద్రపోయేవాడు. వేరే ఇల్లు చూసుకోవచ్చు కదా అని హాస్టల్ పిల్లలు సులువుగా అనేవారు. ఇక్కడైతే దగ్గు వినిపించగానే అంట్ల దగ్గర నుంచి పరుగెత్తుకు రావచ్చు. దూరం పోతే ఆ దగ్గు ఎవరు వింటారు?

మొదట్లో భూలక్ష్మి మర్యాదగానే అడిగింది. చేతులు జోడించి కారు కారు దగ్గరికీ వెళ్లి, "బిడ్డా, జర ఇంజన్ బంద్ చెయ్యి, లోపల పెద్దమనిషికి ఊపిరాడ్తలేదు" అని బతిమాలింది. ఆపినవాళ్లు లేకపోలేదు. కానీ వాళ్లూ వెనకవాడు హారన్ కొట్టగానే, ముందు సందు దొరికితే బైకువాడు దూరుతాడేమోనని మళ్లీ ఇంజన్ వేసేవారు. తక్కిన వాళ్లకు మాత్రం ఒక మాట దొరికింది. సెల్ఫ్ ఖరాబైంది, ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. ఒకడు అన్నాడు, వాడి వెనకవాడు విన్నాడు, వారం తిరిగేసరికి గల్లీలోకి వచ్చే ప్రతి బండికీ సెల్ఫ్ ఖరాబైంది. నిన్న మొన్న షోరూములోంచి దిగి, పూలదండ కూడా వాడని కారుకు కూడా అదే రోగం. భూలక్ష్మికి మండిపోయేది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు చెవిటివాడు, పాపం అనుకోవచ్చు. వీళ్లు విని మరీ అబద్ధమాడుతున్నారు.

చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసులు బైకుల తాళంచెవులు గుంజుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. ఎవడైనా మాట వినకపోతే, చేయి చాచి తాళం లాగితే బండి నోరు మూస్తుంది. ఆ విద్య ఆమె కూడా పట్టింది. అద్దం దించి ఉన్న బండి కిటికీ ముందు ఆగితే చేయి లోపలికి వెళ్లేది, తాళం బయటికి వచ్చేది. ముందు బండి కదలగానే తాళం తిరిగి ఇచ్చేది. తిట్లు తినేది, అంతకు రెండింతలు తిట్టేది. అది తప్పే, చట్టం ఒప్పుకోదు. పోలీసులు చేసినా తప్పేనట. ఆ సంగతి ఆమెకు తర్వాత స్టేషన్లో చెప్పారు.

స్టేషన్ దాకా తీసుకెళ్లినవాడు యశ్వంత్. కడప వైపు నుంచి వచ్చి, సాఫ్ట్‌వేరు కొలువు చేసుకుంటూ, కోకాపేట టవర్లలో ఇల్లు కొనుక్కున్న కుర్రవాడు. ఎండాకాలంలో ఒక సాయంత్రం అతని తెల్లకారు కిటికీ ముందు ఆగింది. భూలక్ష్మి అద్దం తట్టింది. అద్దం సగం దిగింది.

"ఇంజన్ బంద్ చెయ్యి బిడ్డా. మా ఆయనకు ఊపిరాడ్తలేదు."

"ఏమ్మా, నా ఒక్క కారు ఆపితే నీ మొగునికి ఊపిరొస్తాదా? ఎనకాల అన్ని కార్లుండాయి, పోయి వాళ్లను అడుక్కో."

"అందరు గదే మాటంటున్నరు. నువ్వు చేస్తె నీ వెనకాలాయన చేస్తడు."

"సెల్ఫ్ సరిగా లేదు, పో పో!"

సీట్ల మీద కంపెనీవాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. భూలక్ష్మి ఆ కవర్ల వంక చూసింది, అతని ముఖం వంక చూసింది. చేయి లోపలికి దూర్చి తాళం కోసం తడిమింది. తాళం లేదు. అది మీట నొక్కితే నడిచే కారు. తడిమిన చేతికి తాళానికి బదులు కాలరు దొరికింది. దాన్నే పట్టుకుంది. యశ్వంత్ బెదిరి అద్దం పైకెత్తాడు. మణికట్టు దగ్గర చేయి ఇరుక్కుంది. ఆ క్షణంలోనే ముందు కారు కదిలింది. అతను కావాలని తొక్కాడో, కంగారులో తొక్కాడో గానీ కారు ముందుకు ఉరికింది.

భూలక్ష్మి కొంతదూరం కారుతో పాటు పరుగెత్తింది. చెప్పులు ఊడిపోయాయి. తర్వాత కాళ్లు అందలేదు. మోకాళ్లు సిమెంటు మీద చెక్కుకుపోతూ ఈడ్చుకుపోయింది. హాస్టల్ వాచ్‌మన్ సాయిలు అడ్డంగా దూకి బానెట్ మీద పడ్డాడు. ఎవరో ఇటుకతో అద్దం పగలగొట్టారు. యశ్వంత్‌ను గల్లా పట్టి బయటికి లాగి, దొరికినవాడికి దొరికినంత కొట్టారు. ముక్కు నుంచి రక్తం కారి అతని మెడలోని ఆఫీసు కార్డంతా ఎర్రబడింది. మణికట్టు వేలాడుతున్నా భూలక్ష్మి లేచి, ఎడం చేత్తో తన వంతు ఒకటి వేసే దాకా ఊరుకోలేదు.

స్టేషన్లో ఎస్సై ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టి, ఇద్దరినీ తిట్టి రాజీ చేసి పంపేశాడు. యశ్వంత్ మళ్లీ ఆ గల్లీలోకి రాలేదు. అతని చోట ఇంకొకరు వచ్చారు. కార్లకు కొదవా?

మణికట్టుకు పట్టీ వేయించుకుని వచ్చిన భార్యను చూసి రాజయ్య ఊచలు వదిలి ఆ చేతిని పట్టుకున్నాడు. మాట్లాడితే దగ్గు వస్తుంది. మాట్లాడకపోతే గుండె పగిలేలా ఉంది.

"నా పానం కోసం నీ చెయ్యి ఇరగ్గొట్టుకున్నవ్. నేను ఎట్లయిన పోయెటోన్ని. నువ్వు బతకాలంటె నీకు చెయ్యుండాలె గదనే."

"పోయెటోడివి నన్నడగకుండ పోతవా? నోరు మూసుకోని ఊపిరి పీల్చు."

అలా అని ఎడం చేత్తో విసనకర్ర అందుకుని, ఆయన ముఖం మీది పొగను బయటికి విసరసాగింది. విసిరిన పొగ విసిరినట్టే తిరిగొచ్చేది. అయినా విసిరింది. ఆయనంటే ఆమెకు ప్రాణం. ఆ మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు, వచ్చే మనిషీ కాదు.

తొలకరి పడింది. చినుకు పడితే హైటెక్ సిటీ సంగతి తెలిసిందే. అండర్‌పాస్‌లో నీళ్లు, ఫ్లై ఓవర్ మీద కార్లు, మ్యాపు నిండా ఎరుపు. ఆ సాయంత్రం పెద్ద రోడ్డు పూర్తిగా నిలిచిపోయేసరికి ఫోను లోకమంతటినీ గల్లీలోకి తోసింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కార్లే. వాన వల్ల అద్దాలన్నీ బిగించారు, ఏసీలన్నీ వేశారు. తడిగాలికి పొగ పైకి లేవకుండా నేలబారుగా పాకి గదిలోకి దిగుతోంది. రాజయ్య ఊచలు పట్టుకుని దగ్గుతున్నాడు. సరిగ్గా కిటికీ ముందు నీళ్ల డబ్బాల చిన్న ట్రాలీ బండి ఆగింది. పాత డీజిలు బండి. అది వదిలే పొగ నల్లగా, మసిబట్టలా ఉంది.

బండి నడిపేవాడు రాకేశ్. చందానగర్‌లో ఉంటాడు, హాస్టళ్లకు నీళ్ల డబ్బాలు వేస్తాడు. ఈ గల్లీకి కొత్త. భూలక్ష్మి సంగతి తెలియదు.

"బంద్ చెయ్యి!" అంది భూలక్ష్మి. బతిమాలే రోజులు ఎప్పుడో పోయాయి.

"అక్కా, ఒట్టు, సెల్ఫ్ ఖరాబుంది. బంద్ చేస్తె మల్ల చాలు కాదు. పొద్దుగాల నలుగురు తోస్తె చాలైంది. జర ఓపిక పట్టు, ముందటోడు కదుల్తున్నడు."

అతను చెప్పింది నిజం. ఇన్నాళ్లలో ఆ గల్లీలో ఆ మాట నిజంగా అన్నవాడు అతనొక్కడే. కానీ అంతకు ముందు ఎంతమంది చెప్పారు! అబద్ధాలన్నీ ముందుగా వచ్చి కూర్చున్నాక నిజానికి చోటెక్కడిది? భూలక్ష్మి చేయి లోపలికి వెళ్లింది. తాళం బయటికి వచ్చింది. ఇంజన్ దడదడలాడి ఆగిపోయింది.

రాకేశ్ తల పట్టుకుని దిగాడు. "అక్కా, తాళం ఇయ్యి. నీకు దండం పెడ్త, ఎన్క ఎన్ని బండ్లున్నయో చూడు."

"ముందటి బండి కదిలినంక ఇస్త."

ముందటి బండి అప్పుడే కదిలిపోయింది. భూలక్ష్మి చూపు మాత్రం కిటికీ మీదే ఉంది. ముందు ఖాళీ కనిపించేసరికి వెనక కార్లన్నీ ఒక్కపెట్టున హారన్లు అందుకున్నాయి. రాకేశ్‌కు ఓపిక తెగింది. ఆమె పిడికిలి పట్టుకుని మెలితిప్పాడు. అది విరిగి అతికిన మణికట్టని అతనికేం తెలుసు! భూలక్ష్మి ప్రాణం జివ్వుమంది. ఎడం చేత్తో అతని దవడ మీద ఒక్కటి వేసింది. అతను తిరిగి చెంప మీద కొట్టాడు. పిడికిలి వదులైంది. తాళం జారి, పొంగి పారుతున్న మోరీలో పడి, కళ్ల ముందే కొట్టుకుపోయింది.

ఆడమనిషి మీద చెయ్యేశాడన్న కేక ఒక్కటి చాలు గల్లీకి. నలువైపుల నుంచీ వచ్చి పడ్డారు. సాయిలు లాఠీ అందుకున్నాడు. ఎవరో బండి మీది నిండు డబ్బా ఎత్తి రాకేశ్ తల మీద వేశారు. డబ్బా పగిలింది, తల పగిలింది. కిందపడ్డ మనిషిని కాళ్లతో తన్నారు. ఎందుకు తంతున్నారో సగం మందికి తెలియదు. సాయంత్రమంతా హారన్లు విని విసిగినవాళ్లకు తన్నడానికి ఒక మనిషి దొరికాడు, అంతే. అతను చేతులు అడ్డం పెట్టుకుని, "సెల్ఫ్ నిజంగనే ఖరాబుందన్నా" అంటూనే ఉన్నాడు.

కాళ్లూ చేతులూ అలిసిపోయాక బండి గుర్తొచ్చింది. పదిమంది కలిసి తోశారు. కదల్లేదు. తాళం లాగేసరికి స్టీరింగు బిగుసుకుపోయింది, ముందు చక్రాలు గోడ వైపు తిరిగి ఉన్నాయి. తోస్తే గోడకు గుద్దుకుంటుంది తప్ప ముందుకు పోదు. వెనక కార్లు వెనక్కి వెళ్లాలంటే వాటి వెనక కార్లు వెళ్లాలి. సీసాకు బిరడా పెట్టినట్టు ట్రాలీ గల్లీకి అడ్డంగా నిలిచింది. దాని వెనక కార్లన్నీ, ఇంజన్లు నడుస్తూనే, భూలక్ష్మి కిటికీలోకి పొగ వదులుతూ ఉన్నాయి. ఏ పొగ ఆపాలని ఆమె తాళం లాగిందో, ఆ పొగనే తన చేత్తో తెచ్చి ఇంటి ముందు కట్టేసుకుంది.

అంత గోలలో ఆమెకు ఒకటి వినిపించింది. దగ్గు ఆగింది.

లోపలికి పరుగెత్తింది. రాజయ్య ఊచలు వదల్లేదు. పెదాలు నల్లబడ్డాయి. నోరు తెరిచి గాలి లాగుతున్నాడు, ఛాతీ లేస్తోంది గానీ లోపలికి ఏమీ పోతున్నట్టు లేదు. ఆమెను చూసి ఏదో అనబోయాడు. మాట రాలేదు. సాయిలు అంబులెన్సుకు ఫోను చేశాడు. అది వచ్చింది కూడా. పెద్ద రోడ్డు మలుపు దగ్గర ఆగి సైరన్ కొడుతోంది. లోపలికి రావడానికి దారేది? గల్లీ అవతలి చివరికి చుట్టి రావాలంటే పెద్ద రోడ్డు కదలాలి.

భూలక్ష్మి బయటికి వచ్చి కారు కారుకూ పరుగెత్తింది. ఇప్పుడు తాళాలు లేవు, తిట్లు లేవు. వానలో తడుస్తూ, అద్దాల మీద రెండు చేతులూ పెట్టి, "బంద్ చెయ్యున్రి బిడ్డా, మీ కాళ్లు మొక్కుత, ఒక్క జరసేపు బంద్ చెయ్యున్రి" అని ఏడ్చింది. ఇందాకే ఒక మనిషి తల పగలగొట్టిన గుంపు ఆమె చుట్టూ ఉంది. లోపలున్నవాళ్లు భయపడి తలుపులు లాకు చేసుకున్నారు. ఒకడు ఫోనులో వీడియో తీశాడు. ఇంజన్ ఆపినవాడు లేడు.

అప్పుడు లోపలికి పోయి మంచం కింద ఉన్న సమ్మెట తెచ్చింది. ట్రాలీ వెనక మొదటి కారు ముందద్దం మీద ఒక్క దెబ్బ వేసింది. అద్దం తెల్లబడి కుప్పకూలింది. రెండో కారుదీ అంతే. మూడో కారులో నవ్య అని, అదే హాస్టల్లో ఒకప్పుడు ఉండి వెళ్లిన అమ్మాయే ఉంది. ఆమె తిన్న కంచాలు భూలక్ష్మే తోమేది. అద్దం పగిలి ఒళ్లో పడితే ఆ పిల్ల గుక్కపట్టి, "ఆంటీ వద్దు, ఆంటీ వద్దు" అని ఏడ్చింది గానీ ఇంజన్ ఆపాలని మాత్రం ఆమెకు తోచలేదు. భయంలో తోచదు కాబోలు. నాలుగో దెబ్బకు సమ్మెట లేపుతుండగా వెనక నుంచి నలుగురు పట్టుకున్నారు.

ఆ సందట్లో గోడకు ఆనుకుని కూర్చున్న రాకేశ్ లేచాడు. రక్తం కంట్లోకి కారుతోంది. తననెందుకు కొట్టారో, ఆ ఆడమనిషి ఎందుకు అలా అరుస్తోందో కిటికీలోంచి చూశాక అతనికి అర్థమైనట్టుంది. గదిలోకి వెళ్లి, రాజయ్య వేళ్లను ఊచల నుంచి ఒక్కొక్కటే విడదీసి, వీపు మీద ఎక్కించుకుని బయటికి వచ్చాడు.

కార్ల మధ్య నడవడానికి సందు లేదు. రాకేశ్ బానెట్ మీదికి ఎక్కాడు. ఉత్త కాళ్లతో, వానలో, ఒక కారు మీంచి ఇంకో కారు మీదికి, వీపు మీద ఎముకల మూటలాంటి మనిషితో అడుగు తీసి అడుగు వేస్తూ నడిచాడు. కాళ్ల కింద రేకులు కాలుతున్నాయి, ఇంజన్లు వణుకుతున్నాయి. కొందరు హారన్ కొట్టారు. కారు సొట్ట పడుతుందని ఒకాయన అద్దం దించి అరిచాడు. ఇంజన్ ఆపమంటే దిగని అద్దం అప్పుడు దిగింది. రాకేశ్ తిరిగి చూడలేదు. గల్లీ సగం దాటేసరికి మెడ మీద తగులుతున్న ఊపిరి ఆగిపోయింది. అతనికి తెలిసింది. అయినా వెనకాల గోడలు పట్టుకుంటూ, పడుతూ లేస్తూ వస్తున్న భూలక్ష్మికి చెప్పలేదు. అంబులెన్సు దాకా మోసి, పడుకోబెట్టి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు దవాఖాన నుంచి శవం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తాండూరు నుంచి కూతురు సంధ్య వచ్చి తండ్రి ముఖం చూసేసరికి ఇంకా ఆలస్యమైంది. పగిలిన అద్దాల ఫిర్యాదులు పట్టుకుని ఎస్సై వచ్చాడు. శవాన్ని చూసి టోపీ తీసి, కర్మలు అయ్యాక స్టేషన్‌కు రమ్మని సాయిలుతో చెప్పి వెళ్లాడు. తలకు కట్టుతో రాకేశ్ వచ్చి, ఎవరూ పిలవకుండానే పాడెకు ఒక కొమ్ము పట్టాడు. నిన్న అతన్ని తన్నినవాళ్లు తల దించుకుని మిగతా కొమ్ములు పట్టారు. భూలక్ష్మి ఏడవలేదు. ఏడవమని ముసలమ్మలు ఎంత చెప్పినా చెంప మీద నిన్నటి వాపుతో అలాగే చూస్తూ నిలబడింది.

డప్పు మోగింది. పాడె లేచేసరికి ఆఫీసులు వదిలే వేళైంది. ట్రాలీని రాత్రే క్రేను లాక్కుపోయింది. ఫోనుకు చావు తెలియదు, ఆ రోజు కూడా కార్లను గల్లీలోకే పంపింది. బుక్కగులాలు చల్లుతూ, పేలాలు విసురుతూ శవయాత్ర బయలుదేరి, ఎదురుగా వస్తున్న కార్ల వరసకు అడ్డం పడింది.

మొదటి కారు గోడ వారకు జరిగి ఆగింది. దాని ఇంజన్ ఆగింది. వెనక కారుదీ ఆగింది. దాని వెనకదీ. ఎవరూ అడగలేదు, ఎవరూ తాళం గుంజుకోలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆపుకుంటూ పోయారు. కొందరు దిగి, చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడ్డారు. డప్పులవాళ్లు కూడా వింతగా చూసి దరువు ఆపారు. గల్లీ ఆ చివరి దాకా చడీచప్పుడు లేదు.

భూలక్ష్మి నడక ఆపింది. పాడెను వదిలి మొదటి కారు దగ్గరికి వెళ్లింది. చేతులు జోడించి నిలబడ్డ మనిషి నడివయసువాడు, కోస్తా వైపువాడు.

"ఎందుకు బంద్ చేసినవ్?" అని అడిగింది.

"శవం ఎదురైతే బండి ఆపి దండం పెట్టుకోవాలండి. మా పెద్దవాళ్లు అలా నేర్పారండి" అన్నాడు మెల్లగా.

"నిన్న బతికుండె. గా కిటికీల కూసుండె. నిన్నెందుకు చెయ్యలే?"

నిన్న అతను ఆ వరసలో ఉన్నాడో లేడో ఆ దేవుడికే తెలియాలి.

"బతికినోనికి బంద్ చెయ్యమంటె ఒక్కడు చెయ్యలే. సచ్చినోనికి చేస్తున్రా? ఎవలకు గావాలె మీ దండం?" ఆమె గొంతు గల్లీ చివరి దాకా వినిపించింది. అతని చొక్కా పట్టి కారులోకి తోసింది. "ఇంజన్ చాలు చెయ్యి! గాయనకు ఇగ ఊపిరి అక్కరలేదు. మీ పొగ గాయన్నేం చెయ్యది. చాలు చెయ్యి!"

అతను మీట నొక్కాడు. ఇంజన్ లేచింది. భూలక్ష్మి రెండో కారు బానెట్ మీద దెబ్బ వేసింది. "చాలు చెయ్యి!" మూడో దాని మీద వేసింది. వాపు చేతితో, విరిగిన మణికట్టుతో, కారు కారునూ కొట్టుకుంటూ వరస చివరి దాకా పోయింది. ఒక్కొక్క ఇంజనే లేచింది. పొగ మళ్లీ గల్లీని నింపింది. డప్పు అందుకుంది, పాడె కదిలింది.

అప్పుడు భూలక్ష్మికి ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద కూలబడి, నోరారా, మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. ఇంజన్ల మోతలో అది ఎవరికీ వినిపించలేదు.